సద్రాస్ డచ్ సమాధులు, సున్నం వర్క్‌షాప్: చెన్నై నుంచి ఒక రోజు ట్రిప్ రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ ట్రిప్‌కి డబ్బులు పెట్టొచ్చు. బీచ్‌కి వెళ్ళి ఫోటోలు దిగి సాయంత్రానికి ఇంటికొచ్చేద్దాం అనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు, వాళ్ళు మహాబలిపురం వెళ్ళిపోవడం మంచిది. కానీ పాత రాతి కట్టడాలంటే ఇష్టం ఉండి, సముద్రం పక్కన ఉన్నవి ఎందుకు అంత తొందరగా పాడైపోతున్నాయి, పాడైన వాటిని అసలు ఎలా బాగుచేస్తారు అని ఎప్పుడైనా అనుకున్నవాళ్ళు మాత్రం తప్పకుండా వెళ్ళండి. నేను మా పిన్నితో, ఇంటర్ చదువుతున్న వాళ్ళబ్బాయితో కలిసి వెళ్ళాను, ముగ్గురికీ నచ్చింది, ముగ్గురికీ వేరే వేరే కారణాలతో.

ట్రిప్ పెట్టేది చిన్న టీమ్. పాత కట్టడాల రిపేర్లు చేసే ఆర్కిటెక్ట్ ఒకావిడ, కెమిస్ట్రీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన ఒక మాస్టారు, డంగు సున్నం (గానుగలో రుబ్బిన సున్నం) పని తెలిసిన ఒక పెద్ద మేస్త్రి, అంతే. పొద్దున్నే తిరువాన్మియూర్‌లో వ్యాన్ ఎక్కించుకుని ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదుగా సద్రాస్ తీసుకెళ్తారు, చెన్నై నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రం పక్క ఊరే. అక్కడ కోట, కోటలోపల డచ్ వాళ్ళ సమాధులు చూపిస్తారు, మధ్యాహ్నం భోజనం పెట్టి తిరుక్కళుక్కుండ్రం వైపు ఒక తోటలో షెడ్డు కింద వర్క్‌షాప్ చేయిస్తారు. మనిషికి రెండు వేల లోపే, అందులోనే టిఫిను, భోజనం, గ్లవ్స్, కళ్ళద్దాలు అన్నీ. చెన్నైలో ఒక మాల్‌కి వెళ్ళి సినిమా చూసి తిని వస్తే ఒక కుటుంబానికి అయ్యే ఖర్చు గుర్తు చేసుకుంటే ఇది ఎక్కువేం కాదు.

సద్రాస్ గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1602లో పుట్టింది, ఆ వెంటనే మన తూర్పు తీరం మీదకి వచ్చేసింది, బందరు, పులికాట్, సద్రాస్, నాగపట్టణం, భీమిలి అన్నీ వాళ్ళ బట్టల వ్యాపారం ఊళ్ళే. పులికాట్‌లో 1613లో గెల్‌డ్రియా కోట కట్టారు, చాలాకాలం కోరమాండల్ తీరానికంతటికీ అదే వాళ్ళ హెడ్డాఫీసు. సద్రాస్ సన్న బట్టలకి పేరు. 1780లో ఇంగ్లీషువాళ్ళకీ డచ్ వాళ్ళకీ యుద్ధం మొదలయ్యాక ఈ కోట దెబ్బతింది, 1782 ఫిబ్రవరి 17న ఇంగ్లీషు, ఫ్రెంచి నౌకలు ఈ ఊరి ఎదురుగా సముద్రంలోనే కొట్టుకున్నాయి, చివరికి ఇంగ్లీషువాళ్ళతో 1824లో చేసుకున్న ఒప్పందం తర్వాత 1825లో డచ్ వాళ్ళు ఈ తీరం మొత్తం వదిలేసి వెళ్ళిపోయారు. ఉండిపోయినవి గోడలూ, సమాధులూ. ఇదంతా ఆర్కిటెక్ట్ గారు వ్యాన్‌లోనే చెప్పేసారు, కోట దగ్గర దిగాక మళ్ళీ చరిత్ర క్లాసు పెట్టలేదు, నాకది బాగా నచ్చింది, ఎందుకంటే దిగాక చూడటానికి టైమ్ కావాలి.

సమాధులున్న చోటు కోటలోపల గోడ కట్టిన చిన్న ఆవరణ, మామూలుగా గేటుకి తాళం ఉంటుంది, అక్కడ చూసుకునే ఆయన్ని అడిగితే తీస్తారు. వీళ్ళు ముందే మాట్లాడి పెట్టుకున్నారు కాబట్టి మాకు ఆ ఇబ్బంది లేదు. లోపల 17, 18 శతాబ్దాల నాటి సమాధులు, రాతి పలకల మీద అక్షరాలు లోతుగా చెక్కకుండా చుట్టూ రాయి తీసేసి అక్షరాన్ని పైకి నిలబెట్టినవి, కుటుంబ చిహ్నాలు, పూలతీగలు, పుర్రె కింద అడ్డంగా రెండు ఎముకలు. ఆ చెక్కడం చూస్తే చెక్కినవాళ్ళు మనవాళ్ళే అని అర్థమైపోతుంది, ఆ తీగ తిరిగే తీరు గుడి స్తంభాల మీద చూసిందే. ఈ తీరం మీద చెక్కిన సమాధి రాళ్ళు ఓడలెక్కి బటావియా దాకా, అంటే ఇప్పటి జకార్తా దాకా వెళ్ళాయట, అక్కడి డచ్ వాళ్ళకి కూడా ఇక్కడి రాయే కావాల్సొచ్చింది. మన శిల్పుల పేర్లు ఏ రాయి మీదా లేవు, పోయినవాళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడింది ఆ చెక్కినవాళ్ళ కోసమే.

ఇక్కడ ఒక పని నేర్పించారు, ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చు. అరిగిపోయిన అక్షరాలు కనబడటానికి చాలామంది సుద్దముక్క రుద్దుతారు, నీళ్ళు పోస్తారు, కొందరు నూనె కూడా పూస్తారు. ఏదీ చెయ్యక్కర్లేదు. టార్చి తీసుకుని రాయికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పారిస్తే చాలు, ప్రతి గీతకీ నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. మా తమ్ముడు ఫోన్ లైటుతో అలా చేసి ఖాళీగా ఉందనుకున్న పలక మీద ఒక సంవత్సరం అంకెలు చదివాడు, "అక్కా ఇటు రా, అంకెలు కనిపిస్తున్నాయి" అని వాడు పిలిచిన పిలుపుకి మిగతా బ్యాచంతా వచ్చేసింది. రాయిని ముట్టుకోకుండా చదవడం అన్నమాట. సుద్ద రుద్దితే అది రాతి గరుకులో ఇరుక్కుపోతుంది, రుద్దినప్పుడల్లా అప్పటికే వదులుగా ఉన్న రేణువులు రాలిపోతాయి, అలా చేసిన ప్రతి మనిషీ ఆ అక్షరాన్ని కొంచెం చెరిపినట్టే.

అసలు విషయం ఉప్పు. ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా అదే. సముద్రం పక్కన గాలిలో ఉప్పు తుంపరలు ఉంటాయి, నేలలో చెమ్మతో పాటు ఉప్పు పైకి పాకుతుంది, ఇటుకలోకీ రాతిలోకీ చేరుతుంది, ఇంతవరకూ అందరికీ తెలుసు. నాకు తెలియనిది మాస్టారు చెప్పారు: గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు కరిగి నీరైపోతుంది, దానికన్నా తగ్గితే మళ్ళీ గడ్డకట్టి స్ఫటికం అవుతుంది. ఇప్పుడు మన తీరంలో తేమ ఎలా ఉంటుందో చూడండి, తెల్లవారుజామున ఆ గీత దాటుతుంది, మధ్యాహ్నం ఎండకి కిందకి దిగుతుంది, సాయంత్రం సముద్రపు గాలికి మళ్ళీ ఎక్కుతుంది. అంటే రాతి రంధ్రాల్లో ఉన్న ఉప్పు రోజూ కరుగుతూ రోజూ గడ్డకడుతూ ఉంటుంది, గడ్డకట్టిన ప్రతిసారీ రంధ్రం గోడల్ని లోపలినుంచి తోస్తుంది, మూడు వందల ఏళ్ళు రోజూ ఇదే. వాన కన్నా, గాలి కన్నా ఇదే పెద్ద శత్రువు. పైకి చూస్తే ఏమీ జరుగుతున్నట్టు ఉండదు, ఒకరోజు పలక పైపొర ఒక రేకు మాదిరి ఊడి కింద పడుతుంది, దాని మీదున్న పేరు దాంతోనే పోతుంది.

అందుకే సిమెంటు గురించి వీళ్ళు అంత గట్టిగా చెప్పారు. దారిలో ఒక ఊళ్ళో, పేరు చెప్పను, ఒక పాత ఇంటి ప్రహరీగోడ దగ్గర వ్యాన్ ఆపారు. ఎవరో మంచి ఉద్దేశంతోనే, గోడ పడిపోకుండా ఉండాలని, ఇటుకల మధ్య సందులన్నీ సిమెంటుతో గట్టిగా పూడ్చారు. ఇప్పుడు సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా ముందుకు పొడుచుకుని ఉన్నాయి, వాటి మధ్య ఇటుకలు మాత్రం లోపలికి తినేసినట్టు పొడైపోయి ఉన్నాయి. కారణం ఏమిటంటే చెమ్మ ఎటువైపు దారి దొరికితే అటు ఆరుతుంది, సిమెంటులోంచి ఆరలేదు కాబట్టి ఇటుకలోంచి ఆరింది, నీరు ఆరిన చోటే ఉప్పు మిగిలింది, ఇటుక పోయింది. అదే సున్నం పెట్టి ఉంటే చెమ్మ సున్నంలోంచి పోయేది, ఉప్పు సున్నాన్ని తినేది, పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఆ సున్నం గీకేసి కొత్తది పెట్టుకుంటే ఇటుక అలాగే ఉండేది.

నేను ఆ గోడ దగ్గర నిలబడి ఆర్కిటెక్ట్ గారిని అడిగాను, మరి గట్టిగా ఉండకపోతే రిపేరు ఎందుకండీ అని. ఆవిడ చెప్పింది, "అతుకు ఎప్పుడూ అసలు రాయి కన్నా మెత్తగానే ఉండాలండీ, దెబ్బ తగలాల్సొస్తే అతుక్కి తగలాలి, రాయికి కాదు." ఇంత సూటిగా ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. మనం బాగుచేయడం అంటే పాతదాని కన్నా గట్టిగా, కొత్తగా, మెరిసేలా చేయడం అనుకుంటాం, గుళ్ళలో పాత రాతి మీద సిమెంటు, పెయింటు వేసి జీర్ణోద్ధరణ అనేదంతా ఆ ఆలోచనే. ఇక్కడ పద్ధతి పూర్తిగా వేరు, కొత్తగా పెట్టింది అరిగిపోవడానికే పెడుతున్నాం, దాని పని పాతదాని బదులు అరిగిపోవడం. సమాధి రాళ్ళయినా, గుడి గోడ అయినా, మన తాతల నాటి మండువా ఇల్లయినా ఇదే.

భోజనాల తర్వాత షెడ్డులో వర్క్‌షాప్, నా లెక్కలో ట్రిప్ మొత్తానికి ఇదే ముఖ్యమైన భాగం. మేస్త్రి గారు తిరుత్తణి వైపు మనిషి, ఇంట్లో తెలుగే, మాతో హాయిగా తెలుగులోనే మాట్లాడారు, మిగతావాళ్ళతో తమిళం. ముందు కాల్చిన సున్నపు గడ్డల్ని నీళ్ళల్లో వేసి చూపించారు, బుస్సుమని పొంగి నీళ్ళు సలసలా మరిగిపోయాయి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి అందరికీ కళ్ళద్దాలు పెట్టించాకే ఈ పని చేశారు, అది చాలా మంచి విషయం, సున్నం కంట్లో పడితే చూపే పోతుంది. అలా చల్లారిన సున్నాన్ని నీళ్ళ కింద ఉంచి మగ్గపెడతారు, ఎంత పాతబడితే అంత వెన్నలా మెత్తగా అవుతుంది, వీళ్ళ దగ్గర చాలా నెలలుగా మగ్గిన సున్నం ఉంది, దాన్నే మా చేతికి ఇచ్చారు.

తీరంలో పాత కట్టడాలకి ఎక్కువగా వాడింది గుల్ల సున్నం. పులికాట్ సరస్సులో దొరికే గుల్లల్ని బట్టీల్లో కాల్చి సున్నం చేసేవాళ్ళు. రాయి కాల్చినా గుల్ల కాల్చినా దాదాపు 900 డిగ్రీల వేడిలో అందులోని బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పోయి సున్నం మిగులుతుంది, గోడకి పెట్టాక అది గాలిలోంచి అదే బొగ్గుపులుసు గాలిని మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అయిపోతుంది. మాస్టారు ఇది బోర్డు మీద రాసి చూపిస్తే మా తమ్ముడు "ఇది మా టెక్స్ట్‌బుక్‌లో ఉంది" అన్నాడు, ఉంది కానీ దాంతో గోడ కడతారని ఆ పుస్తకం చదివినప్పుడు వాడికి అనిపించలేదట.

ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక. ఇసుక కడిగిన ఏటి ఇసుకే కావాలి, పక్కనే సముద్రం ఉంది కదా అని బీచ్ ఇసుక తెస్తే మనమే ఉప్పు తెచ్చి రాళ్ళ మధ్య పెట్టినట్టు. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతారు, మేస్త్రి గారు కొలత చెప్పమంటే చెప్పరు, వేలు పెట్టి చూసి ఇంకాస్త అంటారు. ఒకప్పుడు దీన్ని గానుగలో వేసి ఎద్దులతో తిప్పించి రుబ్బేవాళ్ళు, ఇక్కడ చిన్న గానుగ ఒకటి ఉంది, దాన్ని మేమే వంతులేసుకుని తిప్పాం. తర్వాత పాత ఇటుకలతో, పగిలిన రాతి ముక్కలతో కట్టి ఉంచిన చిన్న నమూనా గోడల మీద ప్రాక్టీసు. ముందు సందులోని పాత మట్టి, దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీయాలి, వైరు బ్రష్ అసలు ముట్టుకోకూడదు, తర్వాత నీళ్ళు చిలకరించి రాయిని తడపాలి, పొడిరాయి సున్నంలోని నీళ్ళు లాగేసుకుంటే సున్నం గట్టిపడకుండానే పొడైపోతుంది. తాపీతో సున్నాన్ని లోపలికి నొక్కుతూ పొరలు పొరలుగా నింపాలి, ఒకేసారి నింపకూడదు. రాయి అంచుకన్నా ఒక నూలు, అంటే కాస్తంత, లోపలికే ఆపాలి.

మా పిన్ని చేతికి ఆ పని చాలా తొందరగా వచ్చేసింది. మేస్త్రి గారు చూసి, "అమ్మా, మీ ఇంట్లో ఎవరైనా ఈ పని చేసేవాళ్ళా" అని అడిగారు. పిన్ని వాళ్ళ తాతగారు తాపీమేస్త్రి, గుంటూరు జిల్లాలో, ఆవిడకి చిన్నప్పుడు చూసినట్టు కొంచెం కొంచెం గుర్తుందంట, మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని గచ్చు నేలలు ఎలా రుద్దేవాళ్ళో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇలాంటి మేస్త్రులు ఇప్పుడు ఎంతమంది మిగిలారండీ అని పిన్ని అడిగితే ఆయన నవ్వి, "పని ఉంటే మనుషులు వస్తారమ్మా" అన్నారు. నిజమే, సున్నం పని అడిగేవాళ్ళు లేకపోతే పిల్లలకి ఎవరు నేర్పుతారు.

సున్నం పెట్టేశాక పని అయిపోదు. తడి గోనె పట్టాలు కప్పి రోజుల తరబడి తడుపుతూ ఉండాలి, ఎండ నేరుగా తగలకూడదు, పూర్తిగా గట్టిపడటానికి నెలలు పడుతుంది. కాబట్టి ఒక్క రోజు వర్క్‌షాప్‌లో ఫలితం చూడలేం, వీళ్ళు దానికి మార్గం కూడా ఆలోచించారు, వెనకటి బ్యాచ్‌లు పెట్టిన గోడల్ని తేదీలు వేసి వరుసగా ఉంచారు, ఏ నెలకి ఎంత గట్టిపడిందో గోటితో గీరి చూడొచ్చు.

ఉప్పు బయటికి తీసే పద్ధతి కూడా చేసి చూపించారు, ఇది చూసి నేను చాలా ఆశ్చర్యపోయాను. కాగితం గుజ్జుని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ముద్దగా రాయి మీద మందంగా పట్టిస్తారు, నీళ్ళు రాతిలోకి వెళ్ళి ఉప్పుని కరిగిస్తాయి, ముద్ద పైనుంచి ఆరుతుంటే ఆ ఉప్పునీరు బయటికి వచ్చి కాగితంలో చేరుతుంది, ఎండాక ఆ ముద్ద ఊడదీసేస్తారు. మహాబలిపురం తీరాలయం మీద పురావస్తు శాఖ వాళ్ళు ఉప్పు తీయడానికి వాడేది ఈ పద్ధతే. మాస్టారు అంతకుముందు ఒక రాతి ముక్క మీదనుంచి తీసిన కాగితం ముద్దని నీళ్ళల్లో పిండి, ఆ నీళ్ళల్లో సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేశారు, ఉప్పు ఉంటే అది తెల్లగా మారుస్తుంది, నీళ్ళు టక్కున పాలరంగులోకి తిరిగిపోయాయి. రెండోసారి పట్టించిన ముద్ద నీళ్ళు కొంచెం పల్చగా, మూడోసారివి ఇంకా పల్చగా. మూడు గ్లాసులు పక్కపక్కన పెట్టి చూపించారు, ఇక వివరించాల్సిన అవసరమే లేకపోయింది. ఒక్కసారితో ఉప్పు పోదు, మళ్ళీ మళ్ళీ పట్టించాలి, పైగా సముద్రం అక్కడే ఉంటుంది కాబట్టి కొన్నేళ్ళకి మళ్ళీ మొదలు. సిల్వర్ నైట్రేట్ చేతికి అంటితే నల్ల మచ్చ పడుతుంది, గ్లవ్స్ తీయకండి.

చివర్లో స్లైడ్లు. సైప్రస్‌లో పాఫోస్ దగ్గర సముద్రపు ఒడ్డున రాతిలో తొలిచిన సమాధులున్నాయి, రాజుల సమాధులు అని పేరే గానీ అందులో రాజులెవరూ లేరు, క్రీస్తుకి ముందు నాలుగో శతాబ్దం నుంచి పెద్ద కుటుంబాలవాళ్ళని అక్కడ పెట్టారు, 1980లో పాఫోస్ యునెస్కో జాబితాలోకి వెళ్ళింది. అక్కడి గోడల మీద గాలి, ఉప్పు కలిసి చేసిన గుంతలు అచ్చం తేనెపట్టులా ఉన్నాయి. తర్వాత ఏథెన్స్ అక్రోపోలిస్ కథ: వందేళ్ళ క్రితం బలనోస్ అనే ఇంజినీరు పడిపోయిన రాళ్ళని మళ్ళీ నిలబెట్టి ఇనుప పట్టీలతో బిగించాడు, పాతకాలం గ్రీకులు కూడా ఇనుమే వాడారు గానీ దానికి సీసం పోత పోసేవాళ్ళు, ఈయన పట్టీలకి అది లేదు, అవి తుప్పుపట్టి ఉబ్బి పాలరాతినే పగలగొట్టాయి. 1975లో కమిటీ వేసి అప్పట్నుంచీ వాటిని తీసేసి టైటానియం పెడుతున్నారు. పాత కట్టడాల్ని ఎలా బాగుచేయాలో నిపుణులు 1964లో రాసుకున్న వెనీస్ చార్టర్‌లోని మాట కూడా చెప్పారు, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి అని. అంటే విరిగిపోయిన సమాధి పలక మీద లేని అక్షరాన్ని మనం ఊహించి చెక్కకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టాలి, కొత్తగా పెట్టింది దగ్గరికెళ్ళి చూస్తే తెలిసేలా ఉండాలి. ఈ స్లైడ్ల భాగం మాత్రం హడావిడిగా అయిపోయింది, అప్పటికే చీకటి పడుతోంది, ఇంకో అరగంట దీనికి ఇవ్వాల్సింది.

ఒకటి స్పష్టంగా తెలుసుకుని వెళ్ళండి, అక్కడి అసలు సమాధుల మీద మన చేత పని చేయించరు. చేయించకూడదు కూడా. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, పాత కట్టడాల రక్షణకి ఉన్న 1958 చట్టం ప్రకారం వాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోవడానికి లేదు, చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కూడా నిషేధం. మా బ్యాచ్‌లో ఒకాయన ఇది విని, మరి డబ్బులు ఎందుకు తీసుకున్నారు, మేం సమాధులు బాగుచేస్తామనుకున్నాం అని కొంచెం గొడవపడ్డాడు. బుకింగ్ చేసేటప్పుడే ఈ మాట పెద్ద అక్షరాలతో రాస్తే ఆ గొడవ ఉండదు, ఈ విషయంలో తప్పు టీమ్‌దే. కానీ ఒక రోజు నేర్చుకున్న చేతుల్ని మూడు వందల ఏళ్ళ రాతి మీద పెట్టనివ్వకపోవడమే సరైన పని, వాళ్ళు ఆ గీత దాటనందుకు నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. భోజనం బాగా ఆలస్యమైంది, రెండున్నర దాటాక పెట్టారు, సాంబారు, రసం, పొరియల్ అన్నీ రుచిగానే ఉన్నాయి గానీ షుగర్ ఉన్నవాళ్ళకి ఆ టైమ్ చాలా కష్టం, పిన్ని బ్యాగులో బిస్కెట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కోట దగ్గర టాయిలెట్ సౌకర్యం మేం వెళ్ళినప్పుడు వాడుకునేలా లేదు, దారిలో టిఫిన్ దగ్గరే చూసుకోవాలి, ఆడవాళ్ళకి ఇది ముందే చెప్పాలి, చెప్పలేదు. నీడ తక్కువ, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. ఇచ్చిన నోట్సు ఇంగ్లీషు, తమిళంలోనే ఉంది, బ్యాచ్‌లో సగం మంది తెలుగువాళ్ళం, నెల్లూరు నుంచి ముందురోజు రాత్రే వచ్చి ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు, తెలుగులో నాలుగు పేజీలు వేయించడం పెద్ద పని కాదు, కావాలంటే నేనే రాసిస్తానని చెప్పాను, సరేనన్నారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కోటలో మెట్లు ఎక్కువేం లేవు గానీ నేల ఎగుడుదిగుడు. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొద్దు, సున్నం పని వాళ్ళకి ప్రమాదం, పన్నెండేళ్ళు దాటినవాళ్ళయితే బాగా ఎంజాయ్ చేస్తారు. సింథటిక్ బట్టలు, మంచి చెప్పులు వద్దు, సున్నం మరకలు పడతాయి.

ఇంటికొచ్చాక నా ఆలోచనంతా మన వైపు ఊళ్ళ మీదే ఉంది. మా అమ్మమ్మగారిది బందరు, అక్కడ డచ్ వాళ్ళ సమాధులున్నాయి, వాటి మీద కూడా ఇలాంటి కుటుంబ చిహ్నాలే, ఇలాంటి పైకి చెక్కిన అక్షరాలే. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి దాదాపు 30,000 మంది పోయిన ఊరు అది, సముద్రం ఊరి మీదకే వచ్చేసింది, ఆ ఉప్పు నేలలో నిలబడి ఉన్న రాళ్ళు అవి. భీమిలిలో హాలండర్స్ గ్రీన్ అనే డచ్ వాళ్ళ శ్మశానం ఉంది, బీచ్‌కి వెళ్ళినవాళ్ళు దాని పక్కనుంచే వెళ్ళిపోతారు. మనకి విశాఖలో, విజయవాడలో ఇంతమంది ఇంజినీరింగ్ పిల్లలు ఉన్నారు, సివిల్ చదివేవాళ్ళలో ఎంతమందికి సున్నం కలపడం చూపిస్తున్నారు? మా తమ్ముడి ఫ్రెండ్ ఒకడు సివిల్ మూడో సంవత్సరం, సిలబస్‌లో సున్నం ఒక పేరా ఉంటుందట, ల్యాబ్‌లో మాత్రం అంతా సిమెంటే. ఇలాంటి వర్క్‌షాప్ బందరులో, భీమిలిలో పెట్టండని టీమ్‌ని అడిగాను, స్థానికంగా ఒక కాలేజీ షెడ్డు, నీళ్ళు ఇస్తే వస్తామన్నారు. ఇది చదివేవాళ్ళలో అక్కడి కాలేజీల్లో పనిచేసేవాళ్ళు ఉంటే దయచేసి ఆలోచించండి, పాత ఇళ్ళున్నవాళ్ళకి కూడా నేరుగా ఉపయోగం, ఈసీఆర్ పక్కన ఉండే మా ఫ్రెండ్ వాళ్ళ తాతగారి ఇంటి గోడలకి ఏటా ఉప్పు పొంగుతుంటే ఏటా సిమెంటు పూస్తున్నారు, ఇప్పుడు సున్నం మేస్త్రి నంబరు అడిగి తీసుకున్నారు.

రేటింగ్ అడిగితే అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ సగం భోజనం టైముకీ టాయిలెట్ విషయం చెప్పనందుకూ తగ్గించాను. తర్వాతి బ్యాచ్ పులికాట్‌కి అన్నారు, అక్కడ డచ్ శ్మశానం గేటుకి రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు ఉంటాయి, సరస్సు కూడా చూడొచ్చు, సున్నం వర్క్‌షాప్ మాత్రం ఇదే. సూళ్ళూరుపేట, తడ వైపు వాళ్ళకి అదే దగ్గర, వ్యాన్ ఎక్కక్కర్లేదు, నేరుగా అక్కడికి వచ్చి కలవచ్చట. బ్యాచ్‌కి ఇరవై మందినే తీసుకుంటారు, శని ఆదివారాలే పెడతారు, ఎండాకాలం అసలు పెట్టరు, వెళ్ళాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలల్లో చూసి ముందుగానే ఫోన్ చేసి సీటు చెప్పుకోండి, ఫోన్‌లో తెలుగులో మాట్లాడినా పలుకుతారు.